వస్తానని చెప్పకుండా లేచినవాడు

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఏదో ఆస్పత్రిలో చాప్లెయిన్‌గా చేరుతోందట. "అమ్మా, ఈ పనిలో ముఖ్యమైనదేమిటో ఒక్క మాటలో చెప్పండి" అని అడిగింది. ఒక్క మాటలో తేలేదైతే ఇన్నేళ్ళు నేను గొంతు చించుకుని మనుషులకు శిక్షణ ఇవ్వడం ఎందుకు? రాసి పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నిజానికి ఓపిక లేదు. ఈ పని నన్ను బాగా అలసిపోయేలా చేసింది, రిటైరయ్యాక కూడా ఆ అలసట తీరలేదు. అయినా మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

నాకొచ్చిన సన్మానాల గురించి, రాసిన రిపోర్టుల గురించి ఇందులో ఏమీ ఉండదు. వాటివల్ల ఏ రోగికీ నొప్పి తగ్గలేదు.

ప్రార్థనమ్మ

నేను పనిచేసింది పాలమూరు వైపు ఒక ట్రస్టు ఆస్పత్రిలో. పేరు రాయను. తెలంగాణ వచ్చిన కొత్తలో అక్కడ చాప్లెయిన్లకు శిక్షణ మొదలుపెట్టి, ఆ బాధ్యత నాకు అప్పగించారు. మేము మందివ్వం, సూది వేయం. మంచంలో ఉన్న మనిషి దగ్గర కూర్చుంటాం. ఆ మనిషికి భయముంటే భయం, కోపముంటే కోపం, దేవుడితో తగాదా ఉంటే ఆ తగాదా వింటాం. అడిగితే ప్రార్థన చేస్తాం. అడగకపోతే ఊరుకుంటాం. ఊరుకోవడం నేర్పడానికే నా సర్వీసు సగం అయిపోయింది.

చాప్లెయిన్ అనే మాట మా వార్డుల్లో ఎవరికీ నోరు తిరగలేదు. మగవాళ్ళు వెళితే "ప్రార్థన సారు" అనేవారు, నన్ను "ప్రార్థనమ్మ" అనేవారు. చర్చికి పోయే కుటుంబాల వాళ్ళయితే నేను పాస్టరు గారి భార్యననుకుని "అమ్మగారూ, అయ్యగారు రాలేదా?" అని నా వెనక్కి చూసేవారు. నాకు అయ్యగారు లేరు, నేనే వచ్చానని చెబితే పాపం నిరాశపడేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత తరవాత "అయ్యగారికి వేరే పనుంది, నేను కూర్చుంటా" అనడం అలవాటైంది. ఆ మాటతో స్టూలు జరిపేవారు. మనకు కావలసింది ఆ స్టూలే.

"తిన్నవా?"

శిక్షణకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ప్రసంగాలు చెప్పి వచ్చినవాళ్ళు. మైకు ముందు బాగా మాట్లాడేవాళ్ళు మంచం ముందు బాగా మాట్లాడతారనుకోవడం పెద్ద భ్రమ. వీళ్ళు వార్డులోకి అడుగుపెట్టగానే చేతులు కట్టుకుని "ప్రార్థన చేసుకుందామా?" అనేవారు.

ఒకసారి కొత్తగా వచ్చిన ఒకతన్ని వెంటబెట్టుకుని హెర్నియా ఆపరేషన్ అయిన ఒక రైతు దగ్గరికి పోయాను. చిన్న ఆపరేషనే, రేపో మాపో ఇంటికి పోతాడు. మావాడు వంగి ప్రార్థన మాట ఎత్తగానే ఆయన ముఖం తెల్లబోయింది.

"నాకేం గాలేదు కదనయ్యా? డాక్టరు మంచిగనే ఉన్నదన్నడు. ప్రార్థన గీర్థన నాకద్దు. గా పక్క మంచపాయినకు చెయ్యుండ్రి" అన్నాడు.

పక్క మంచం ఆయన లేచి కూర్చున్నాడు. "నాకెందుకు? నేను పొద్దుగాల రెండు ఇడ్లీలు తిన్న" అన్నాడు.

నవ్వొచ్చే సంగతే గానీ ఆ రైతుకు ఆ పూట బీపీ పెరిగింది. మా దగ్గర ప్రార్థనవాళ్ళు మంచం దగ్గరికి వచ్చారంటే డాక్టర్లు చేతులెత్తేశారని అర్థం. ఆ అర్థం జనం ఊరికే కల్పించుకోలేదు. అప్పటి సూపరింటెండెంటు గారే నేర్పారు. ఆయన చేయి మంచిదని పేరు, నిజంగానే మంచిది. కానీ కత్తితో చేయలేని పని ఎదురైనప్పుడు ఆయనకు కాళ్ళాడేవి కావు. రోగి బతకడని ఇంటివాళ్ళకు చెప్పాల్సి వస్తే, గది బయటే ఆగి "ప్రార్థనమ్మను పిలవండి" అనేవారు. నేను వరండాలో నడుస్తుంటేనే ఆడవాళ్ళు కొంగు నోట్లో పెట్టుకునేవారు. ఆయన్ను నేను గౌరవించాను, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పిరికివాడు. ఇప్పుడు అనడానికి నాకు భయం లేదు.

అందుకని ఒక నియమం పెట్టాను. మొదటిరోజు ప్రార్థన మాట ఎత్తకూడదు. "తిన్నవా?" అని అడగాలి. ఊరంతా ఒకరినొకరు అడిగే మాట అది. ఏం తిన్నారో చెబుతారు, ఎందుకు తినలేదో చెబుతారు, వండిపెట్టేవాళ్ళు లేరని చెబుతారు. చాప్లెయిన్ పని అక్కడ మొదలవుతుంది. కొందరు నా మీద మండిపడ్డారు. దేవుడి సేవకు వస్తే హోటలు సప్లయరులా తిండి గురించి అడగమంటారేమిటని. వాళ్ళు ఎక్కువకాలం నిలవలేదు.

నర్సమ్మ

ఇక అసలు సంగతి. ఇది కరోనా తగ్గాక జరిగింది.

ఆ ఏడాది శిక్షణకు వచ్చినవాళ్ళలో ఇమ్మానుయేలు అని హుజూర్‌నగర్ వైపు కుర్రాడు ఉండేవాడు. పాస్టరు గారి కొడుకు, పెళ్ళయి ఒక పాప. మెత్తని మనిషి. ఎవరైనా ఏడిస్తే వాళ్ళకంటే ముందు ఇతనికి కళ్ళల్లో నీళ్ళొచ్చేవి. నేను ఆడవాళ్ళ వార్డులో నర్సమ్మ దగ్గర అతన్ని కూర్చోబెట్టాను.

నర్సమ్మది మర్రిగూడ పక్క పల్లె. ఆ వైపు మనుషులను నడక చూసి గుర్తుపట్టొచ్చు. అక్కడి ఫ్లోరైడు నీళ్ళు తాగి ఆమె కాళ్ళు కూడా మోకాళ్ళ దగ్గర వంకరపోయాయి, వీపు వంగింది. కొడుకు శ్రీశైలంది జడ్చర్లలో మందుల కంపెనీలో పని. కొన్నాళ్ళుగా ఆమె కొడుకూ కోడలితో అక్కడే కిరాయింట్లో ఉంటోంది. కడుపులో క్యాన్సర్. మా దగ్గరికి వచ్చేసరికే కాలేయానికి పాకింది. ఆమెకు మాత్రం గడ్డ అని చెప్పారు.

మొదటిరోజే ఆమె ఇమ్మానుయేలును అడిగింది. "కొడకా, నన్ను ఇంటికెప్పుడు పంపుతరంట?"

"జడ్చర్లకా అవ్వా?"

"జడ్చర్లది కిరాయి జాగా. అదెట్ల ఇల్లైతది? మా ఊరికి. మా ఆయిన పట్నం దవాఖానల పాణమిడ్సిండు. బయట పోయిన పీనుగును ఇంట్లకు తేవద్దన్నరు. గంత వానల వాకిట్ల తాడిపత్రి పట్టా కింద పండవెట్టిన్రు. ఆయిన మట్టి మోసి కట్టిన ఇల్లది, కొడకా. గడప దాటనియ్యలే. నన్ను గట్ల పండవెట్టకుండ్రని చెప్పు మావోనికి. పాణముండంగనే ఇంట్లకు తోల్కపొమ్మను."

ఆమెకు కావలసింది ఇదొక్కటే. బతికుండగా తన ఇంటి గడప దాటి లోపలికి పోవాలి.

కొడుకు చెడ్డవాడు కాదు. కోడలు సుజాత అంతకన్నా కాదు. పక్కబట్టలు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, అన్నీ తనే. కానీ ఆమె వరండాలో ఇమ్మానుయేలును ఆపి చేతులు జోడించింది. "అన్నా, నీకు దండం పెడ్త. అత్తమ్మకు ఏం చెప్పకు. గడ్డ కరుగుతాందని చెప్పినం. కిరాయింటికి తోల్కపోదామంటే ఓనరు అద్దన్నడు. పాణం పోయిన నక్షత్రం మంచిగ లేకుంటే మేమంత ఇల్లు ఇడ్సిపెట్టాలె, మీరు దవాఖానలనే పెట్టుకోండ్రన్నడు. ఊరికి తోల్కపోదామంటే ఎందుకని అడుగుతది. ఏం చెప్పాలె? ఊరోళ్ళేమో సచ్చేదాన్ని తెచ్చి ఇడ్సిపోయిన్రంటరు."

తల్లి అడిగేది అదే. బిడ్డలు దాచేది అదే. మధ్యలో ఇమ్మానుయేలు. ఇలాంటివి మా వార్డుల్లో ఎన్ని చూశానో. మనవాళ్ళకు ప్రేమ ఎక్కువైతే ముందు నోరు మూసుకుంటారు.

లేచి రావడం

ఒక ఉదయం రౌండ్లు అయ్యాక డ్యూటీ డాక్టరు ఇమ్మానుయేలును పక్కకు పిలిచి, ఆమె రెండు మూడు రోజులకు మించి ఉండడం కష్టమని చెప్పింది. అతను ఆ మాట చెవిలో పెట్టుకుని ఆమె మంచం దగ్గరికి పోయాడు.

మధ్యాహ్నం మేమంతా కూర్చునేవాళ్ళం. శిక్షణలో అసలు భాగం అదే. ఎవరు ఏ రోగితో ఏం మాట్లాడారో ఉన్నదున్నట్టు చెప్పాలి. రాసుకొస్తే అందంగా మారుస్తారని నోటితోనే చెప్పించేదాన్ని. ఒకరు రోగిగా కూర్చోవాలి. ఆ రోజు నర్సమ్మగా నేను కూర్చున్నాను.

"ఎప్పుడు తోల్కపోతరు కొడకా?" అన్నాను.

ఇమ్మానుయేలు చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

"అప్పుడు కూడా ఇట్లనే కూర్చున్నవా?"

"అవునమ్మా. మళ్ళ అడిగింది. ఇగ నేను లేచిన."

"లేచేటప్పుడు ఏమని లేచినవ్?"

"ఏమనలే. ఊకనే లేసొచ్చిన."

"వస్తా అవ్వా అనలేదా?"

"నోరు రాలేదమ్మా. ఇంకో రెండు రోజుల్ల పోయే మనిషికి వస్తా అని ఎట్ల చెప్పాలె? అబద్ధమనిపించింది. సావింట్ల కూసున్నట్టనిపించింది. అక్కడ చెప్పం కదా."

గదిలో ఉన్నవాళ్ళు అందరూ ఈ నేలమీద పుట్టినవాళ్ళే, అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. మన దగ్గర ఎవరింటికి పోయినా లేచేటప్పుడు "పోతున్నా" అనం, "వస్తా" అంటాం. ఒక్క చావింట్లోనే ఆ మాట అనం. అంటే మళ్ళీ అలాంటి పనిమీదే ఆ గడప తొక్కాల్సి వస్తుందని భయం. అందుకే చెప్పకుండా లేచి, వెనక్కి చూడకుండా బయటపడతాం. చిన్నపిల్లలకు కూడా ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. ఇమ్మానుయేలు బతికున్న మనిషి దగ్గర నుంచి అలా లేచి వచ్చాడు. వేరే ప్రాంతం నుంచి వచ్చినవాడైతే ఈ తప్పు చేసేవాడు కాదు. చేసినా వేరే ప్రాంతం రోగి పట్టించుకునేది కాదు.

నాకు చాలా కోపమొచ్చింది. "ఆమెకు ఊపిరి ఆడుతున్నదా లేదా? ఆడుతున్నంతసేపు అది చావిల్లు కాదు. నువ్వు ఆమెను ముందే పాతిపెట్టి వచ్చినవ్" అన్నాను. అతను ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక కూడా ఆ రోజుల్లో నాకు మిగల్లేదు. పొద్దున మొదట ఆమె దగ్గరికే పోవాలని చెప్పి లేచాను.

కానీ పొద్దున మేము పోకముందే శ్రీశైలం సూపరింటెండెంటు గదిలో ఉన్నాడు. ఈయన కొత్త సూపరింటెండెంటు, గొడవలంటే పడదు. నన్నూ ఇమ్మానుయేలునూ పిలిపించాడు.

"మీ ప్రార్థనోళ్ళు మా అమ్మకు చెప్పిన్రు" అన్నాడు శ్రీశైలం. "నిన్నటిసంది నీళ్ళు కూడ ముడ్తలేదు. నాకు తెల్సింది పో అంటాంది."

"ఏం చెప్పాడమ్మా?" అని సూపరింటెండెంటు నన్నడిగాడు.

"ఏమీ చెప్పలేదు సార్. అదే గొడవ" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు, ఈ ప్రాంతం వాడు కాదు, వేరే రాష్ట్రం. శ్రీశైలానికి మాత్రం నేను రెండు ముక్కల్లో చెప్పగానే అర్థమైంది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

ఆ కుర్రాణ్ణి కొన్నాళ్ళు వార్డుల్లోకి పంపొద్దని సూపరింటెండెంటు అన్నాడు. ముందు విచారణ చేద్దామన్నాడు. మీరు విచారణ చేసుకోండి, ఆమెకు అంత టైము లేదు, మేము ఇప్పుడే వార్డుకు పోతున్నామని చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు కానీ ఆపలేదు.

ఇక్కడ ఒక మాట. రోగం పేరు చెప్పడం, ఎన్నాళ్ళు ఉంటారో చెప్పడం మన పని కాదు, డాక్టరు పని. అది మీద వేసుకోకండి. వాళ్ళు మన మీద వేయబోతే వద్దనండి. మన పని వస్తా అని చెప్పడం, చెప్పాక రావడం. చూడటానికి ఎంత చిన్న పనో, నాకు తెలిసిన పెద్ద పెద్ద చదువులవాళ్ళు దీనిలోనే తప్పారు.

బండి

నర్సమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సుజాత కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నేను డ్యూటీ డాక్టరును కూడా వెంట రమ్మని అడిగాను, వచ్చింది. ఇమ్మానుయేలు స్టూలు జరుపుకుని కూర్చున్నాడు.

"తిన్నవా అవ్వా?" అన్నాడు.

ఆమె ఇటు తిరిగింది. "నిన్న చెప్పకుండ పోతివేంది కొడకా? పీనుగ కాడికెళ్ళి లేసిపోయినట్టు పోతివి."

"తప్పైంది అవ్వా."

"తప్పొప్పులు నాకెందుకు? ఎందుకు పోతివో చెప్పు."

అతను నావైపు చూడలేదు. అది నాకు నచ్చింది. "భయమైందవ్వా. వస్త అని చెప్పి, నేనొచ్చేసరికి నువ్వు లేకుంటే ఎట్ల అని భయమైంది" అన్నాడు.

ఆమె కొడుకు వైపు చూసింది. "ఏం రా? అంతేనా?"

శ్రీశైలం డాక్టరు వైపు చూశాడు. డాక్టరు మంచం మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, గడ్డ కరగలేదని, ఇక కరగదని చెప్పింది. రోజులు తక్కువున్నాయని కూడా చెప్పింది. వయసులో చిన్నదైనా ఆ అమ్మాయి తల దించుకోకుండా చెప్పింది. శ్రీశైలం గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏడ్వకురా. జల్దిపోయి బండి మాట్లాడు" అంది నర్సమ్మ.

సుజాత ఆమె కాళ్ళు పట్టుకుంది. "అత్తమ్మా, నేను నిన్ను ఎళ్ళగొట్టలే. ఓనరు అద్దంటే..."

"నాకు తెల్వదా? నీకు నేను పనిజెప్పుడే ఎక్కువైంది, ఎళ్ళగొట్టుడు నువ్వేడ చేస్తవ్? నా ఇంటికి నేను పోతున్న. ఆ చీర తియ్యి, గిది మందు వాసనొస్తాంది."

ఇమ్మానుయేలు చేసిన తప్పువల్లే మంచి జరిగిందని తరవాత చాలామంది అన్నారు. కొందరు శిక్షణలో దీన్ని గొప్ప పాఠంగా చెప్పుకున్నారట. నేనలా అనను. ఒక ముసలామె ఒక పగలంతా గోడవైపు తిరిగి, నేను చచ్చినట్టే లెక్క అనుకుంటూ పడుకుంది. నీళ్ళు కూడా తాగలేదు. దానికి ఏ మంచీ జవాబు కాదు. మంచి జరిగింది అతను తిరిగి పోయి స్టూలు మీద కూర్చోవడం వల్ల.

డాక్టరు నొప్పికి మందులిచ్చి, ఎప్పుడెప్పుడు వేయాలో సుజాతకు చూపించింది. దారిలో ఏమైనా కావచ్చని కూడా చెప్పింది. దారిలో ప్రాణం పోతే అన్నీ వృథా, ఆమె భర్తలాగే ఆమె కూడా వాకిట్లోనే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి ముఖాల్లో అదే ఉంది. వ్యాన్ వచ్చింది. ఇమ్మానుయేలును వెంట పొమ్మన్నాను. విచారణ సంగతి గుర్తుచేయడానికి సూపరింటెండెంటు మనిషిని పంపాడు. తిరిగొచ్చాక చేసుకోమని చెప్పాను.

నేను వార్డులోనే ఉన్నాను. ఆ రోజు ఎవరి దగ్గర కూర్చున్నానో, ఏం మాట్లాడానో గుర్తులేదు. చెవులన్నీ ఫోను మీదే. దారిలో రెండుసార్లు ఆపారని, ఒకసారి ఊపిరి బాగా తగ్గిందని తరవాత తెలిసింది. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, చేరినం" అన్నాడు ఇమ్మానుయేలు. వెనక చాలా గొంతులు వినిపిస్తున్నాయి.

"ఉన్నదా?"

"ఉన్నదమ్మా. ఎత్తుకుంటమంటే ఒప్పుకోలే. నా భుజం మీద ఒక చెయ్యి, కొడుకు భుజం మీద ఒక చెయ్యి ఏసింది. గా కాళ్ళతోనే ఒక్కొక్క అడుగు ఏసింది. గడప మీద కాసేపు నిలవడ్డది. ఇగ దాటదేమో అనుకున్న. దాటిందమ్మా." అతను ముక్కు చీదుకున్నాడు. "లోపల కూసోని, సుజాతక్కను పొయ్యి ముట్టియ్యమన్నది. నా ఇంటికొచ్చినోళ్ళు చాయ తాగకుండ పోతరా అంటాంది. నాకు గూడ పోసిన్రు."

"నిమ్మళంగా తాగు. ఈ పూటకు వార్డుకు రావద్దు" అన్నాను. ఫోన్ పెట్టేసి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దెక్కాక నర్సమ్మ పోయింది. పదకొండో రోజు అయ్యాక శ్రీశైలం ఆస్పత్రికి వచ్చాడు. ఇమ్మానుయేలు మీద ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. తరవాత నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా బాపును వాకిట్లకెళ్ళి కాటికి తీస్కపోయినం అమ్మగారూ" అన్నాడు. "అమ్మను ఇంట్లకెళ్ళి తీస్కపోయినం."